కడపలో తెలుగు పట్టుబడిన దొర

ఆన్‌లైన్‌లో ఏ తెలుగు మాటకైనా అర్థం వెతికితే బ్రౌణ్య నిఘంటువు ఎదురవుతుంది. దాన్ని చేసినాయన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. ఇంగ్లండులో చదువుకుని, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగానికి 1817లో మద్రాసు చేరాడు.

1820లో కడప కలెక్టరుకు సహాయకుడిగా వచ్చాడు. కచేరీ పనంతా తెలుగుతోనే. అందుకే పుస్తకాల తెలుగు కంటే ముందు జనం నోటి తెలుగు పట్టుబడింది. మచిలీపట్నంలో ఉండగా, 1824లో, ఒక ఫ్రెంచి మిషనరీ పుస్తకంలో వేమన గురించి చదివాడు. ఇక పద్యాల వేట మొదలు. 1829లో 693 వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయ్యాయి.

అప్పటికి మన కావ్యాలు చాలావరకు తాటాకుల మీదే ఉన్నాయి. చెదలు తినేవి కొన్ని, ప్రతికో పాఠంతో తికమక పెట్టేవి కొన్ని. బ్రౌన్ కడపలో బంగళా కొని అక్కడ పండితుల్ని, లేఖకుల్ని పెట్టుకున్నాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి, తప్పులు తీసి, శుద్ధప్రతి రాయించాడు. మన భాషలో చెప్పాలంటే వర్షన్లన్నీ మెర్జ్ చేయించాడన్నమాట. జీతాలు తన జేబులోంచే ఇచ్చాడు, అప్పులపాలూ అయ్యాడు. జూలూరి అప్పయ్య లాంటి పండితుల కష్టం లేకుంటే ఇదంతా జరిగేది కాదు. ఆయన పేరుతో పాటు వాళ్ల పేర్లూ మనం గుర్తుపెట్టుకోవాలి.

మాట విషయంలో ఉద్యోగంలోనూ అంతే పట్టు. 1832-33లో గుంటూరు సీమ ఆకలితో చస్తుంటే సర్కారు కాగితాల్లో కొరత అనే మాట నడిచేది. ఈయన మాత్రం కరువు అనే రాశాడు. 1834లో ఉద్యోగం పోయి లండన్ వెళ్లాడు. 1837లో మళ్లీ వచ్చి పని అందుకున్నాడు. 1840లో వ్యాకరణం, 1852-53లో నిఘంటువులు వచ్చాయి. సేకరించిన రాతప్రతుల్ని మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు. 1884 డిసెంబరు 12న లండన్‌లో పోయాడు.

కడపలో ఆయన బంగళా శిథిలమైన చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో గ్రంథాలయం లేచింది. మనలో చాలామందిమి ఇంగ్లీషు మీడియమే. అది సాకు కాదని బ్రౌన్ జీవితం చెబుతుంది. ఆయన తాటాకు నుంచి కాగితానికి తెచ్చాడు. కాగితం నుంచి కంప్యూటర్‌కు, తప్పుల్లేకుండా తేవాల్సింది ఇంకా బోలెడుంది. కోడ్ రాసే మనకంటే ఆ పనికి దగ్గర ఎవరున్నారు?