ఊపిరికి కాపలా కాసిన రూపాబాయి

మా రేగోడ్ లాంటి ఊళ్లలో ఎవరికైనా పెద్ద ఆపరేషన్ అంటే పట్నం పోవాల్సిందే. తిరిగొచ్చాక చూడ్డానికి వెళ్లినవాళ్లంతా అడిగేది ఆపరేషన్ చేసిన డాక్టరు ఎవరనే. మత్తు ఇచ్చిన డాక్టరు పేరు పేషెంటుకే తెలీదు. మళ్లీ కళ్లు తెరిచామంటే అందులో ఆ మనిషి చలవ ఎంతుందో కదా! అదే పనిని నూటముప్పై ఏళ్లకు ముందే హైదరాబాద్‌లో ఒకావిడ చేశారు. ఆమె డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ. ప్రపంచంలో మొట్టమొదటి మహిళా మత్తు డాక్టరు ఆమేనని చెబుతారు.

పార్సీల అమ్మాయి. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన ఐదుగురు ఆడపిల్లల్లో ఒకరు. అదే తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. చదువు పూర్తయితే ఇచ్చే పట్టాను ‘హకీం’ అనేవారు. అప్పటి ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ ఆమెను మత్తు పనికి ప్రోత్సహించారు.

అదేమంత తేలిక పని కాదు. క్లోరోఫాంతో మత్తు ఇవ్వొచ్చని 1847 నవంబరులో ఎడిన్‌బరోలో సింప్సన్ చూపించారు. మూడు నెలలైనా తిరక్కుండానే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల పిల్ల ఆ మందు పీల్చి నిమిషాల్లో చనిపోయింది. తీయాల్సింది కాలి గోరు, అంతే! అప్పట్నుంచీ డాక్టర్లలో ఒకటే వాదన. క్లోరోఫాంతో ముందు ఆగేది గుండెనా, ఊపిరా? మత్తు ఇచ్చేవాళ్లు నాడి చూడాలా, శ్వాస చూడాలా?

లారీ శ్వాసే అన్నారు. 1888లో ఇక్కడే కమిషన్ వేసి జంతువుల మీద పరీక్షలు చేయించారు. లండన్‌లోని ‘లాన్సెట్’ పత్రిక ఒప్పుకోలేదు. దాంతో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లిచ్చి 1889లో రెండో కమిషన్ జరిపించారు. లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ హైదరాబాద్ వచ్చారు. ఊపిరే ముందు ఆగుతుందని తేల్చారు.

రూపాబాయి పనిలోకి దిగింది సరిగ్గా ఆ రోజుల్లోనే. క్లోరోఫాం చుక్క చుక్కగా గుడ్డ మీద వేయాలి, మందుతో పాటు గాలీ లోపలికి పోవాలి. అక్కడ కత్తి ఏం చేస్తున్నా సరే, ఆమె చూపు మాత్రం పేషెంటు రొమ్ము మీద, పొట్ట మీదే. రెసిడెన్సీ ఆస్పత్రిలో, అఫ్జల్‌గంజ్‌లో, ఆడవాళ్ల కోసం కట్టిన విక్టోరియా జనానా ఆస్పత్రిలో 1917 దాకా ఆమె ఈ పనే చేశారు.

1908 మూసీ వరదకు అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి కూలిపోయింది. మరుసటేడు ఆమె ఎడిన్‌బరో వెళ్లారు. మత్తు విద్యకంటూ వేరే చదువు అప్పట్లో లేదు. అందుకని ఆవిరుల, వాయువుల గుణాలు తెలియాలని ఫిజిక్సు, కెమిస్ట్రీ చదివారు. ఇరవై ఏళ్ల సర్వీసున్న డాక్టరమ్మ మళ్లీ బెంచీ మీద కూర్చున్నారంటే, నాకైతే ఆమె కథలో ఇదే అన్నిటికన్నా నచ్చింది.

1911లో లెవీ అనే ఆయన ఇంగ్లండులో పిల్లుల మీద పరీక్షలు చేసి, మత్తు పూర్తిగా ఎక్కకముందే గుండె లయ తప్పి ఆగిపోవచ్చని రుజువు చేశారు. అంటే హైదరాబాద్ తీర్పు సగమే నిజం. శ్వాసను చూడమనడం తప్పేం కాదు, గుండెను పట్టించుకోనక్కర్లేదనడమే తప్పు. ఇప్పుడు థియేటర్‌లో రెండింటికీ మిషన్లున్నాయి, పక్కనే మత్తు డాక్టరూ ఉంటారు.

రూపాబాయి 1920లో చాదర్‌ఘాట్ ఆస్పత్రి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు.