ఆంధ్రదేవుని నిలదీసిన భక్తకవి

కళింగ దండయాత్రకు వెడలిన కృష్ణదేవరాయలకు స్వామి స్వప్నమున సాక్షాత్కరించి ఆముక్తమాల్యద రచింప నానతిచ్చిన క్షేత్రము కృష్ణాతీరమందలి శ్రీకాకుళము. ఆ స్వామినే నిలదీసిన కవి దివిసీమలోని పెదప్రోలు వాస్తవ్యుడు కాసుల పురుషోత్తమకవి. చల్లపల్లి జమీందారుల యాశ్రయమున నుండెను. హంసలదీవి వేణుగోపాలునిపైనను శతకము చెప్పెను గాని, ఆయన కీర్తి యంతయు ఆంధ్రనాయక శతకముననే నిలిచినది.

అది నిందాస్తుతి. లోకభారము మోయునది భూదేవి, సిరులిచ్చునది లక్ష్మి, పాపములు కడుగునది గంగ, సృష్టించువాడు కుమారుడు బ్రహ్మ. ఆలుబిడ్డలు తెచ్చిన పేరు తప్ప స్వామికి సొంతమేమున్నదని కవి ప్రశ్న! ఆలయమున ధూపదీపములకు లోటు వచ్చిన దినములలో ఈ శతకము వెలసెనని పెద్దలు చెప్పుదురు. అన్యుని నోట వినిన అపచారమనదగు మాటలను వైష్ణవులు భక్తిగా స్వీకరించి నేటికిని పఠించుచున్నారు.

భక్తుని యెడ ఓర్పు సులభమే. గుడివాడ చెంత అంగలూరున 1887లో జన్మించి, క్రైస్తవ మిషనరీలు నెలకొల్పిన బందరు నోబుల్ కళాశాలలో చదివిన త్రిపురనేని రామస్వామి హేతువాదియై పురాణములను ప్రశ్నించినపుడు ఆస్తికులు మిక్కిలి నొచ్చుకొనిరి. ఆయన గ్రంథములును నేటికి నిలిచియే యున్నవి. నొప్పియు పూర్తిగా తీరలేదు.

పురుషోత్తముని మాట మనల నొప్పింపదు. ఎంత దూరినను, ప్రతి పద్యము చివర ఆయన స్వామిని దయాళువనియే పిలుచును.