హెల్మన్ ఎవరు?

సావనీరుకు ఏదైనా వ్రాసివ్వమని యూనియన్ మిత్రులు అడగ్గానే నాకొక పాత సంగతి గుర్తుకొచ్చింది. ఎమ్మెస్సీలో హెల్మన్-ఫైన్‌మన్ సిద్ధాంతాన్ని బట్టీపట్టి పరీక్షలో వ్రాసేశాను. వైవాలో ఎగ్జామినరుగారు ఈ హెల్మన్ ఎవరయ్యా అని అడిగారు. నోట మాట రాలేదు. ఫైన్‌మన్ గురించైతే గడగడా చెప్పేవాణ్ణే! ఆ సిగ్గుతో లైబ్రరీలో వెతికి తెలుసుకున్న జీవితమిది.

హాన్స్ హెల్మన్ 1903లో జర్మనీలోని విల్హెల్మ్స్‌హాఫెన్‌లో జన్మించారు. 1929లో స్టుట్‌గార్ట్‌లో డాక్టరేటు పొంది హానోవర్ చేరారు. 1931లో అక్కడి పశువైద్య కళాశాలలో లెక్చరరయ్యారు. పాఠాలు పశువైద్య విద్యార్థులకు, పరిశోధన మాత్రం అణువుల క్వాంటం లెక్కల మీద!

1933లో నాజీలు గద్దెనెక్కారు. ఆయన భార్య విక్టోరియా యూదు వంశీయురాలు. ఆ కారణంగానే ఉద్యోగం ఊడింది. 1934లో భార్యనూ, పసివాడైన కొడుకునూ వెంటబెట్టుకుని మాస్కో వెళ్ళి, కార్పోవ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు.

అక్కడ ఆయనకు దొరికింది నాలుగేళ్ళే. బరువైన పరమాణువులో ఎలక్ట్రాన్లన్నిటికీ లెక్క కట్టబోతే అది ఒక పట్టాన తెమలదు. లోపలి ఎలక్ట్రాన్ల ప్రభావాన్నంతా ఒక పొటెన్షియల్‌గా పెట్టేసి, బయటి వేలెన్సీ ఎలక్ట్రాన్లకు మాత్రం లెక్క కడితే సరిపోతుందని ఆయన 1935లో చూపించారు. బంగారం, ప్లాటినం వంటి లోహాలున్న అణువులను ఈనాడు కంప్యూటరు మీద లెక్కించేవారికి ఇదే ఆధారం.

1937లో ఆయన క్వాంటం కెమిస్ట్రీ గ్రంథం రష్యన్‌లోనూ, జర్మన్‌లోనూ వెలువడింది. మనం చదివే సిద్ధాంతం అందులోనే ఉంది. అణువులో ఎలక్ట్రాన్ మేఘం ఎలా పరచుకుందో తెలిస్తే చాలు, కేంద్రకాలపై పనిచేసే బలాన్ని మామూలు స్థిరవిద్యుత్ సూత్రాలతోనే కట్టవచ్చునని దాని సారాంశం.

మరుసటి ఏడు, 1938 మార్చిలో, స్టాలిన్ పోలీసులు గూఢచారి అనే నేరం మోపి ఆయన్ను పట్టుకుపోయారు. మే 29న కాల్చి చంపారు. అప్పటికాయన వయసు 34 ఏళ్ళు. భార్య పుట్టుక చూసి ఒక దేశం వెళ్ళగొడితే, ఆయన పుట్టిన దేశాన్ని చూసి ఇంకో దేశం ప్రాణం తీసింది.

1939లో అమెరికాలో, ఎం.ఐ.టి.లో డిగ్రీ విద్యార్థిగా ఉన్న ఫైన్‌మన్ అదే సిద్ధాంతాన్ని సొంతంగా సాధించారు. ఆయన 1965లో నోబెల్ అందుకున్నారు, 1988 వరకూ జీవించారు. కాలేజీలో నెమ్మదిగా చదువుకోగలగడం ఎంతటి అదృష్టమో ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తెలిసివచ్చింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రేపు పరీక్షలో ఈ సిద్ధాంతం వ్రాసేటప్పుడు మొదటి పేరు దగ్గర ఒక్క క్షణం ఆగండి. వైవాలో ఎవరైనా అడిగితే నాలాగా తెల్లమొహం వేయకండి.