తెలుగు బైబిలునకు తొలి అనువాదకుడు: బెంజమిన్ షుల్జు

నర్సీపట్నమందలి మా తరగతిలో రోమను కతోలిక బాలురును ప్రొటెస్టంటు బాలురును ఒకే బల్లమీద కూర్చుండి చదువుకొనుచుందురు. ఒకనాడు ఒక బాలుడు తన యింటి వేదగ్రంథమున 73 పుస్తకములున్నవనెను. ప్రక్కవాడు తన గ్రంథమున 66 మాత్రమే యున్నవనెను. మీరు కలిపితిరని యొకడును, మీరు తీసివేసితిరని యొకడును వాదులాడి, తుదకు మాటలాడుట మానిరి. ఆ కలహమును తీర్చుటకై మేము వారికొక మహనీయుని చరిత్రము చెప్పితిమి. దానినే యిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

బెంజమిన్ షుల్జు 1689వ సంవత్సరమున జర్మనీలోని బ్రాందెన్‌బర్గు సీమయందు జన్మించెను. ఫ్రాంకే పండితుని అనాథశాలవలనను పాఠశాలలవలనను పేరొందిన హాలే నగరమున ఆయన విద్యాభ్యాసము చేసెను. డెన్మార్కు రాజగు నాల్గవ ఫ్రెడరికు పంపగా 1706లో తరంగంబాడికి వచ్చిన జీగెన్‌బాల్గు క్రొత్తనిబంధనను తమిళించి, పాతనిబంధనను రూతు గ్రంథమువరకు తెచ్చి, 1719 ఫిబ్రవరిలో పరమపదించెను. ఆ యేడే షుల్జు తరంగంబాడి చేరెను. మరుసటి యేట గ్రుండ్లరు దొరయు గతింపగా, ముప్పదియొక యేండ్ల యీ యువకునిపై మిషను భారమంతయు పడెను.

షుల్జు అధైర్యపడక, తమిళమును శ్రద్ధతో నేర్చి, మిగిలిన గ్రంథములను అనువదించెను. పాతనిబంధన 1723 మొదలు 1728 వరకు భాగములుగా తరంగంబాడిలో అచ్చుపడెను. ఆయన తోబితు, యూదితు, జ్ఞానగ్రంథము, మక్కబీయులు మున్నగు అపొక్రిఫా గ్రంథములనుగూడ తమిళమున వెలయించెను. లూథరు మతస్థుడగు నీతడు నేటి ప్రొటెస్టంటు గ్రంథమున కానరాని పుస్తకములనేల అనువదించెను? దీనిని తెలిసికొనుటకు మనము పూర్వకాలమునకు పోవలసియున్నది.

యూదులు హెబ్రీ భాషలో భద్రపరచుకొనిన గ్రంథములే ప్రొటెస్టంటుల పాతనిబంధనలోని 39 పుస్తకములు. వారు కొన్నిటిని జతపరచి 24గా లెక్కింతురు. క్రీస్తునకు పూర్వమే ఐగుప్తులోని యూదులు వేదమును గ్రీకు భాషలోనికి మార్చుకొనిరి. కాలక్రమమున ఆ గ్రీకు గ్రంథసముదాయమున మరికొన్ని పుస్తకములును చేరెను. ఆదిక్రైస్తవులలో పలువురు గ్రీకు చదువువారగుటచే అవి సంఘమున వాడుకకు వచ్చెను. నాల్గవ శతాబ్దాంతమున బేత్లెహేములో హెబ్రీనుండి లాటిను అనువాదము చేసిన జెరోము, హెబ్రీలో లేనివి భక్తివృద్ధికి చదువదగినవేగాని సిద్ధాంతములకు ఆధారము కావని తలచెను. ఆయన సమకాలికుడగు అగస్తీను వానినిగూడ వేదముగనే అంగీకరించెను. 397లో కార్తేజి సభ అగస్తీను పక్షముననే నిలిచెను. ఇట్లు ఇరువురు భక్తులు భేదించినను, ఒండొరులకు లేఖలు వ్రాసికొనుట మానలేదు.

లూథరు 1534లో ప్రకటించిన జర్మను బైబిలున ఆ పుస్తకములను రెండు నిబంధనల నడుమ వేరుగా నుంచి, అవి వేదముతో సమానములు కాకున్నను చదువుటకు మేలైనవని తెలిపెను. 1546లో ట్రెంటు మహాసభలో రోమను సంఘము వానిని వేదభాగములని నిశ్చయించెను. అందుచేత కతోలికుల పాతనిబంధనలో 46 పుస్తకములైనవి. ఎస్తేరు, దానియేలు గ్రంథములలోను కొన్ని భాగములు అధికముగా నున్నవి. క్రొత్తనిబంధనలోని 27 పుస్తకములు మాత్రము ఉభయులకును సమానమే. షుల్జు తన సంఘపు ఆచారము ననుసరించి అపొక్రిఫాను తమిళించెనే గాని, రోమను మతము నవలంబించి కాదు.

ఆ దినములలో ఉభయసంఘములకును మైత్రి తక్కువ. తమిళమున మహాకవియని పేరొందిన జెస్విటు గురువు బెస్కీ, తరంగంబాడివారి బోధలను, వారి తమిళ శైలినిగూడ ఖండించుచు గ్రంథములు రచించెను. షుల్జు మృదుస్వభావుడు కాడు. తోటి మిషనెరీలతోనే పొసగక ఆయన 1726లో చెన్నపట్టణమునకు తరలిపోయెను. మహనీయులకును లోపములుండునని విద్యార్థులు గ్రహింపవలెను.

అయినను ఆ తరలింపువలన తెలుగువారికి మేలే కలిగినది. చెన్నపట్టణమున తెలుగు మాటలాడువారు పెక్కుమంది యుండుట చూచి, షుల్జు నలువదేండ్లకు చేరువైన వయస్సులో మన భాషను నేర్వ నారంభించెను. తెలుగు వ్యాకరణము నొకదానిని లాటినున రచించెను. క్రొత్తనిబంధనను 1727 నాటికిని, పాతనిబంధనను 1732 నాటికిని తెనిగించెను. ఆ వ్రాతప్రతులను హాలేకు పంపెను. కాని అవి అచ్చుకు నోచుకొనలేదు.

1743లో ఆయన స్వదేశమునకు మరలెను. హాలేలో తెలుగు అచ్చక్షరములు పోతపోయించి, 1746, 1747 సంవత్సరములలో ప్రశ్నోత్తరి మున్నగు చిన్న పుస్తకములను ముద్రింపించెను. తెలుగున అచ్చుపడిన మొదటి పుస్తకములు ఇవియే. తన తెలుగు బైబిలును మాత్రము అచ్చులో చూడకయే 1760 నవంబరులో ఆయన కన్నుమూసెను.

ఆ పని మరల మన విశాఖపట్టణమున మొదలైనది. 1805లో వచ్చిన లండన్ మిషను దొరలు క్రాను, దెస్‌గ్రాంజి అనువాదమునకు పూనిరి. వారికి తోడ్పడిన ఆనందరాయరు బ్రాహ్మణ వంశజుడు. మొదట రోమను సంఘమున బాప్తిస్మము పొంది, పిదప ప్రొటెస్టంటులతో కూడినవాడు. దొరలిరువురును గతించిన పిమ్మట, 1812లో శ్రీరామపురమున మూడు సువార్తలు అచ్చుపడెను. ప్రిట్చెట్టు దొర అనువదించిన క్రొత్తనిబంధన 1818లోను, సంపూర్ణ బైబిలు 1854లోను వెలువడెను. ఈ నడుమ, 1826లో, ఇంగ్లండునందలి బైబిలు సంఘము తీవ్ర వాదోపవాదముల పిమ్మట అపొక్రిఫాను ముద్రించుటకును పంచుటకును తన ధనమును వినియోగింపరాదని తీర్మానించెను. అందువలన తెలుగు ప్రొటెస్టంటుల యిండ్లకు 66 పుస్తకముల గ్రంథమే చేరినది. షుల్జు తమిళమున అచ్చువేయించిన పుస్తకములను మన తాతలు చూచియే యుండలేదు. నేడు కతోలికుల తెలుగు పవిత్రగ్రంథమున అవి యున్నవి.

ఈ చరిత్రము ముగియగానే ఆ బాలురిరువురును కొంతసేపు మౌనముగా నుండిరి. పిదప ఒకడు తోబితు గ్రంథమును చదివి యిచ్చెదనని తన గ్రంథమును రెండవవానికి అందించెను. ఏది వేదమో నిర్ణయించుటలో మన సంఘములు నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు. మేమును మా విశ్వాసమును దాచుకొనము. కాని తెలియక ఒకరినొకరు దొంగలని నిందించుకొనుట అజ్ఞానము. ఫలమును తాను చూడకున్నను, పరాయి భాషను నేర్చి ఆరంభించిన కార్యమును కడముట్టించిన షుల్జు దొర పట్టుదలను మన విద్యార్థులు అనుసరింతురుగాక. ఆయన కోపమును మాత్రము విడిచిపెట్టుదురుగాక.