జెనోఫోను: అశ్వశిక్షణమున విశ్వాసమార్గము

భారతదేశమున అశ్వశాస్త్రము శాలిహోత్రుని పేర ప్రసిద్ధమై, నకులుని పేర వెలసిన అశ్వచికిత్సితముగను, జయదత్తుని అశ్వవైద్యకముగను విస్తరించినది. కౌటిలీయార్థశాస్త్రము ద్వితీయాధికరణమున అశ్వాధ్యక్షుని విధులు ప్రత్యేకప్రకరణముగా నున్నవి. తెలుగున మనుమంచి భట్టు ఈ శాస్త్రమును పద్యరూపమున సంతరించెను. ఇంకను ప్రాచీనమైనది మితన్నిదేశీయుడగు కిక్కులి శిక్షణక్రమము. క్రీస్తునకు పూర్వము పదునాలుగవ శతాబ్దినాటి మట్టిపలకలపై హిత్తైటు భాషలో లభించిన ఈ గ్రంథమున సంస్కృతమునకు సన్నిహితములైన సంఖ్యావాచకములుండుటచే పండితులు దానిని విశేషముగా పరిశీలించిరి. అయితే ఆ క్రమము ముఖ్యముగా గుర్రము పరుగునకు, మేతకు, విశ్రాంతికి సంబంధించిన దినచర్య. గుర్రము మనుష్యుని ఏల నమ్మును, ఆ నమ్మకము ఎట్లు చెడును అను ప్రశ్నకు విశేషస్థానమొసగి గ్రంథము రచించినవాడు యవనదేశీయుడగు జెనోఫోను. సంపూర్ణముగా లభించుచున్న గ్రీకు అశ్వశిక్షణగ్రంథములలో అతని కృతియే మొదటిది. ఆ గ్రంథతాత్పర్యము అతని జీవితమును ఎరిగినగాని సమగ్రముగా బోధపడదు.

జెనోఫోను క్రీ.పూ. 430 ప్రాంతమున ఏథెన్సు నగరమున జన్మించెను. తండ్రిపేరు గ్రిల్లసు. కుటుంబము సంపన్నమైనది. ఆ నగరమున గుర్రమును పోషింపగలవారే అశ్వదళమున చేరుచుండిరి గనుక, అతడు బాల్యమునుండియు గుర్రముల నడుమ పెరిగినట్లు ఊహింపవచ్చును. యౌవనమున ఏథెన్సు అశ్వదళమున పనిచేసెనని పలువురు పండితుల అభిప్రాయము. అతడు సోక్రటీసు శిష్యుడు. గురువు సంభాషణలను స్మృతిరూపమున గ్రంథస్థము చేసినవారిలో ప్లేటో తరువాత ఇతనినే చెప్పవలెను. ఆ స్మృతులలో ఒకచోట సోక్రటీసు అశ్వదళనాయకుడుగా ఎన్నికైన యువకునితో మాటలాడుచు, నాయకునియందు శ్రేష్ఠత్వము గోచరించిననే జనులు ఇష్టముతో విధేయులగుదురని వివరించును. ఇష్టపూర్వకమైన విధేయత యను ఈ భావము శిష్యుని రచనలన్నిటను అనుస్యూతముగా కానవచ్చుచున్నది.

క్రీ.పూ. 401లో పారసీక రాజకుమారుడు సైరసు తన అన్నయగు అర్తజర్క్సీసును సింహాసనచ్యుతుని చేయుటకై గ్రీకుసైనికులను కూలికి సమకూర్చుకొని బాబిలోను దిశగా దండు వెడలెను. జెనోఫోను సేనానిగా కాక మిత్రుని ఆహ్వానముపై వెంట నడచెను. కునాక్స యుద్ధమున సైరసు మరణించెను. సంధిమిషమున గ్రీకు సేనానులను పిలిపించి పారసీకులు బంధించి వధించిరి. పరదేశమున నాయకులులేక నిలిచిన ఆ సైన్యము క్రొత్త నాయకుల నెన్నుకొనగా, వారిలో జెనోఫోను ఒకడయ్యెను. పదివేలమంది ప్రయాణముగా చరిత్రకెక్కిన ఆ తిరుగుప్రయాణమున అర్మేనియా మంచుకొండలను దాటి, క్రీ.పూ. 400లో వారు నల్లసముద్రతీరమున ట్రపెజసు నగరమును చేరిరి. ఈ వృత్తాంతమును అతడే అనబసిసు అను గ్రంథమున తన్ను ప్రథమపురుషమున పేర్కొనుచు రచించెను.

సైనికులు తమకు అశ్వదళము లేదని కుంగియుండగా జెనోఫోను వారికి ధైర్యము చెప్పెను. గుర్రము కరచియో తన్నియో యుద్ధమున చచ్చినవాడు లేడనియు, రౌతు శత్రువునకే కాక క్రిందపడుటకును భయపడుచుండుననియు, నేలపై నిలిచినవాని దెబ్బయే బలవత్తరమనియు వాదించెను. ఆ మాట ధైర్యమునకు పనికివచ్చెను గాని యుద్ధమునకు చాలలేదు. శత్రువుల రౌతులును విలుకాండ్రును దూరమునుండి వెన్నాడి బాధింపగా, అతడు తన పొరపాటును అంగీకరించి, సామానుమోయు గుర్రములనుండి యోగ్యములైనవానిని ఏరి, సుమారు ఏబదిమంది రౌతులను సిద్ధపరచెను. మరియొకప్పుడు శత్రువులకంటె ముందు ఒక శిఖరమును పట్టుకొనవలసివచ్చినది. జెనోఫోను గుర్రముపై వెంటనంటి సైనికులను పురికొల్పుచుండగా, సోటెరిడసు అను సైనికుడు తాను డాలుమోసి అలసియుండ నాయకుడు గుర్రమెక్కి పోవుచున్నాడని నిష్ఠురమాడెను. జెనోఫోను వెంటనే దిగి, వానిని వరుసనుండి త్రోసి, ఆ డాలును తానే మోయుచు బరువైన రౌతుకవచముతో కొండ నెక్కసాగెను. తక్కిన సైనికులే సోటెరిడసును కొట్టి తిట్టి మరల డాలు పట్టించిరి.

అర్మేనియాలో జరిగిన మరియొక సంఘటన ప్రస్తుతవిషయమునకు అత్యంతోపకారకము. అచ్చట ఒక గ్రామమున పారసీకరాజునకు కప్పముగా పెంచబడుచున్న పదునేడు గుర్రపుపిల్లలు వారికి దొరకెను. జెనోఫోను ఆ గ్రామాధికారిని భయపెట్టక తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని భుజింపజేసెను. దారిచూపినయెడల అతని బిడ్డలను అతనికి దూరము చేయమనియు, ఇల్లు ధాన్యముతో నింపిపోదుమనియు మాటయిచ్చెను. తనయొద్దనున్న ముసలిగుర్రము ప్రయాణబాధచే చచ్చునేమోనని భయపడి, అది సూర్యునకు అర్పితమని వినియుండుటచే, మేపి బలియిమ్మని అతనికే ఒప్పగించి, తానొక పిల్లను గ్రహించెను. మంచులో గుర్రములు కడుపువరకు దిగబడకుండ వాని కాళ్లకు చిన్నసంచులు కట్టవలెనని ఆ గ్రామాధికారియే వారికి నేర్పెను. మూడుదినములు అతడు దారిచూపిన పిమ్మట, గ్రామములు కనబడలేదని సహసేనాని కైరిసోఫసు కోపించి అతనిని కొట్టెను. కట్టివేయుట మాత్రము మరచెను. ఆ రాత్రియే అతడు కుమారుని సైతము విడిచి పారిపోయెను. ఆ ప్రయాణమంతటిలో కైరిసోఫసునకును జెనోఫోనునకును విరోధము పొడమినది ఈ యొక్క కారణముననే. దారిచూపువానిని కొట్టుట ఒక దోషము, కొట్టి కాపలా లేక విడుచుట రెండవ దోషము. దెబ్బచే పొందగోరినది దెబ్బతోనే పోవునని అతడు ఆ మంచుకొండలలో ప్రత్యక్షముగా గాంచెను.

తీరము చేరిన తరువాతను అతనికి సంపద చేకూరలేదు. క్రీ.పూ. 399లో లాంప్సకసునకు వచ్చునప్పటికి స్వదేశము చేరుటకైనను ధనము లేక, తన గుర్రమును ఏబది డారికుల బంగారునాణెములకు అమ్ముకొనెను. సైన్యమునకు జీతము తెచ్చిన ఇరువురు అతనికి ఆ గుర్రముపై మక్కువయని విని, లేమిచే అమ్మెనని గ్రహించి, దానిని కొని అతనికి తిరిగి ఇచ్చిరి. వెల పుచ్చుకొనుటకు ఒప్పుకొనలేదు. రాజ్యములు తారుమారైన కథనమధ్యమున ఈ స్వల్పవిషయమును అతడు మరువక వ్రాసియుండుట గమనింపదగినది.

ఆ సంవత్సరమే ఏథెన్సున సోక్రటీసునకు మరణదండన జరిగెను. జెనోఫోను స్పార్టావారితో చేరి, క్రీ.పూ. 394లో కరోనియా యుద్ధమున అజెసిలాసు రాజు పక్షమున ఉండెను. ఆ యుద్ధమున స్వనగరమైన ఏథెన్సు ఎదిరిపక్షమున నుండెను. స్వనగరము అతనిని బహిష్కరించెను. స్పార్టావారు ఒలింపియా సమీపమున స్కిల్లసు అను చోట అతనికి భూమి నొసగిరి. అచ్చట భార్యయగు ఫిలేసియాతోను, గ్రిల్లసు, డయొడోరసు అను కుమారులతోను కూడి, వ్యవసాయముతో, వేటతో, గుర్రములతో చాలకాలము గడపెను. క్రీ.పూ. 371లో స్పార్టా ల్యూక్ట్రాయుద్ధమున ఓడిన తరువాత ఆ భూమియు అతనికి దక్కలేదు. అతడు కోరింతునకు వెడలెనని చెప్పుదురు.

అశ్వశిక్షణగ్రంథము అతని వార్ధక్యమున రచితమైనదని తలంపబడుచున్నది. తన మిత్రులలో చిన్నవారికై దీనిని వ్రాయుచున్నట్లు అతడే తెలిపెను. తనకు పూర్వము సైమను అనువాడు ఈ శాస్త్రమున గ్రంథము వ్రాసెననియు, అతనితో తన అభిప్రాయము కలిసినచోట దానిని తొలగింపక సంతోషముతో చెప్పుదుననియు పూర్వాచార్యుని స్మరించెను. గ్రంథమున పండ్రెండధ్యాయములు కలవు. గుర్రమును కొనునప్పుడు పరీక్షింపవలసిన అవయవములలో గిట్టలను మొదట చెప్పెను. ఇంటికి పునాది యెట్టిదో గుర్రమునకు పాదమట్టిదని అతని యుపపత్తి. ఆ కాలమున గ్రీకులు గుర్రములకు లాడములు కొట్టు ఆచారము లేదు. జీను, రికాబులును లేవు. రౌతు తన తొడలబిగువుచేతనే వీపుపై నిలువవలెను. అట్టిచో యుద్ధమధ్యమున గుర్రము బెదరినయెడల రౌతు ప్రాణము దక్కుట దుర్లభము. కావున గుర్రము నమ్మకము అతనికి వినోదవిషయము కాదు, ప్రాణరక్షణవిషయము.

గుర్రపుపిల్లను శిక్షకునకు ఒప్పగించునప్పుడు, కొడుకును విద్యకై అప్పగించినట్లు, నేర్పవలసినదెల్ల ముందే వ్రాసికొనవలెనని అతడు విధించెను. అంతకుముందే ఆ పిల్ల సాధువై, చేతికి మచ్చికయై, మనుష్యునియందు ప్రీతి కలదై యుండవలెను. దీనికి అతడు చెప్పిన ఉపాయము సరళము. ఆకలియు, దప్పియు, జోరీగలబాధయు పిల్ల ఒంటరిగా నున్నప్పుడు కలుగవలెను. మేతయు, నీరును, బాధానివృత్తియు మనుష్యుని చేతనే లభింపవలెను. అట్లయిన అది మనుష్యుని ప్రేమించుటయే కాక అతనికై ఎదురుచూచును. రోమము దట్టముగానున్న చోట్లను, గుర్రము తనకుతాను గోకికొనలేని చోట్లను చేతితో నిమురవలెను. సాహిణి దానిని జనసమ్మర్దములగుండ నడపించి, నానావిధములైన దృశ్యములకును ధ్వనులకును అలవాటు చేయవలెను. అది బెదరినప్పుడు కసరక, మెల్లగా ఊరడించి, భయపడవలసినది లేదని నేర్పవలెను.

కోపముతో గుర్రమును సమీపింపరాదనుట అతని సిద్ధాంతములలో ప్రధానమైనది. కోపమునకు ముందుచూపు లేదు. పిదప పశ్చాత్తాపపడవలసిన పనిని అది చేయించును. గుర్రము ఏదేని వస్తువును చూచి బెదరినయెడల, రౌతు ఆ వస్తువును తానే తాకిచూపి, మెల్లగా దాని దాపునకు కొనిపోవలెను. కొట్టి దగ్గరకు తరిమినయెడల భయము ఇబ్బడియగును. ఆ దెబ్బనొప్పియు ఆ వస్తువువలననే కలిగినదని గుర్రము తలంచును గదా యని అతని హేతువు. మృగముయొక్క మనస్సున కార్యకారణసంబంధము ఎట్లేర్పడునో విచారించి చెప్పిన ఈ వాక్యార్థము ఆ గ్రంథమునకు హృదయము వంటిది.

ఆజ్ఞను పాలించినంతనే కళ్లెమును సడలించి సుఖము చూపవలెను. ఎక్కడ శ్రమపెట్టితిమో అక్కడనే దిగి, గుర్రమునకు అచ్చటనే విశ్రాంతి నొసగవలెను. బలాత్కారముచే గుర్రముచేత చేయించిన గతులు, నర్తకుని కొరడాతో కొట్టి ఆడించిన నృత్యమువలె, అర్థము లేనివియు అందము లేనివియు అగును. మెడనెత్తి, తోకవిరిచి, స్వేచ్ఛగా తాను చూపు ఠీవినే రౌతు సంజ్ఞతో అది ప్రదర్శించునట్లు చేయుట శిక్షణకు పరమప్రయోజనము.

అయితే జెనోఫోను దండమును సర్వథా నిషేధించినవాడు కాడు. గోతిని దాటనొల్లని గుర్రమును మొదటిసారి వెనుకనుండి కొరడాతో అదలించుటకు అతడు అనుమతించెను. మృదువైన కళ్లెముతోపాటు ముండ్లుగల కళ్లెమును ఉపయోగించెను. ఆతని లక్ష్యమును అహింసాసిద్ధాంతముగా వర్ణించుట తగదు. అతడు యుద్ధాశ్వమునే సిద్ధపరచుచుండెను. సామమును ప్రథమోపాయముగను, దండమును అంత్యముగను గ్రహించు మన నీతిశాస్త్రక్రమముతో అతని మార్గమును పోల్చుట సమంజసము. కౌటిల్యుడును గుర్రములను తీక్ష్ణ, భద్ర, మందములని స్వభావమునుబట్టి విభజించి, తదనుగుణముగా వినియోగింపుమనెను. స్వభావమెరిగి ప్రవర్తింపవలెననుటలో ఇరువురును ఏకీభవించిరి. ఆ స్వభావమున భయమెట్లు పుట్టునను విచారమున యవనగ్రంథము ముందంజ వేసినది.

జెనోఫోను కుమారులిరువురు పిదప ఏథెన్సు అశ్వదళమున చేరిరి. తన్ను వెడలగొట్టిన నగరముయొక్క అశ్వదళాధిపతికై అతడు వేరొక గ్రంథమును గూడ రచించెను. క్రీ.పూ. 362లో మంటీనియా సమీపయుద్ధమున గ్రిల్లసు రౌతుగా పోరాడి మరణించెను. వార్త వచ్చునప్పటికి తండ్రి పూలదండ ధరించి దేవతార్చనమున ఉండి, దానిని తీసివేసి, కుమారుడు వీరమరణము పొందెనని విని మరల ధరించెనని ప్రాచీనులు చెప్పుదురు. క్రీ.పూ. 354 ప్రాంతమున జెనోఫోను కాలధర్మము నొందెను.

అతని గ్రంథము నిలిచినను అందలి బోధ ఎల్లకాలము పాటింపబడలేదు. క్రీ.శ. 1550లో నేపుల్సు నగరమున గ్రిసోను ప్రకటించిన అశ్వశిక్షణగ్రంథమున క్రూరదండనములు విధింపబడినవి. తరువాత ఫ్రాన్సుదేశమున ప్లువినెలు లాలనమార్గమును మరల ప్రతిష్ఠించెను. అతని గ్రంథము మరణానంతరము 1623లో వెలువడెను. దెబ్బ గుర్రమునకు పాఠము చెప్పదనియు, భయమునకు మరియొక కారణము నిచ్చుననియు జెనోఫోను చేసిన నిర్ణయము శాస్త్రపఠనమాత్రమున లభించినది కాదు. పారిపోయిన గ్రామాధికారియు, లాంప్సకసున అమ్మి మరల పొందిన గుర్రమును అతని జీవితమున దానికి సాక్ష్యములుగా నున్నవి.