అడగడం నేర్పిన నైటింగేల్

రోగి దగ్గర కూర్చున్న మనిషికి రెండు విధాల పనులుంటాయి. గాయం కడగడం, మందు తాగించడం, పక్క సర్దడం చేతితో చేసే పనులు. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, నిద్ర ఎలా ఉంది, అన్నం సయిస్తున్నదా అని అడిగి తెలుసుకోవడం మాటతో చేసే పని. మొదటిదానికి శిక్షణ కావాలని అందరూ ఒప్పుకుంటారు. రెండవదానికి కూడా అంత శిక్షణా కావాలని చాటిచెప్పిన వనిత ఫ్లోరెన్స్ నైటింగేల్. చేత దీపం పట్టుకొని రాత్రివేళ రోగులను పరామర్శించిన దయామయిగా ఆమెను లోకమంతా ఎరుగును. రోగిని ఎలా అడగాలో నేర్పిన గురువుగా ఆమెను ఎరిగినవారు తక్కువ.

ఫ్లోరెన్స్ 1820 మే 12న ఇటలీ దేశంలోని ఫ్లోరెన్స్ నగరంలో జన్మించింది. తల్లిదండ్రులు సంపన్నులైన ఆంగ్లేయులు. పుట్టిన ఊరి పేరే ఆమెకు పెట్టారు. తండ్రి విలియం నైటింగేల్ విద్యావంతుడు. ఆడపిల్లలకు పెద్ద చదువులు అక్కరలేదని భావించే ఆ కాలంలో ఆయన తన కుమార్తెలిద్దరికీ గ్రీకు, లాటిన్, చరిత్ర వంటి విషయాలను స్వయంగా బోధించాడు. ఫ్లోరెన్సుకు లెక్కలంటే ప్రాణం. చూసిన ప్రతి విషయాన్ని రాసి పెట్టుకోవడం, వరుసగా పట్టికలు వేసుకోవడం ఆమెకు చిన్ననాటి నుంచి అలవాటు.

పదహారేళ్ళ వయసులో, 1837లో, దేవుడు తనను సేవకు పిలుస్తున్నాడని ఆమెకు అనిపించింది. ఆ సేవ రోగులకు చేసే పరిచర్యేనని క్రమంగా నిశ్చయించుకొంది. 1845లో ఆసుపత్రిలో చేరి పని నేర్చుకొంటానని చెప్పినప్పుడు ఇంట్లో గగ్గోలు పుట్టింది. ఆ రోజుల్లో ఆసుపత్రులు మురికికూపాలు. అక్కడ పనిచేసే స్త్రీలకు శిక్షణా లేదు, గౌరవమూ లేదు. గొప్పింటి పిల్ల ఆ పనికి పోవడమేమిటని తల్లి, అక్క బాధపడ్డారు. ఫ్లోరెన్స్ ఎదురు చెప్పలేదు. తన పట్టుదలనూ వదులుకోలేదు. తెల్లవారకముందే లేచి, దీపం వెలుగులో ఆసుపత్రుల నివేదికలు చదివి, వాటిలోని అంకెలను పుస్తకాల్లో రాసుకొనేది.

ఇలా ఏళ్ళు గడిచాయి. చివరకు 1851లో జర్మనీలోని కైసర్‌స్వెర్త్‌లో మూడు నెలలు శిక్షణ పొందింది. 1853లో లండన్‌లోని హార్లీ వీధిలో, జబ్బుపడిన స్త్రీల కోసం నడిచే ఒక చిన్న ఆసుపత్రికి పర్యవేక్షకురాలైంది.

ఆ తరువాతి సంవత్సరమే బ్రిటన్ క్రిమియా యుద్ధంలోకి దిగింది. బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ ఒకవైపు, రష్యా ఒకవైపు పోరాడాయి. గాయపడిన సైనికులు దిక్కులేక చనిపోతున్నారన్న వార్తలు లండన్ పత్రికల్లో వచ్చాయి. మంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరికపై నైటింగేల్ 38 మంది నర్సులను వెంటబెట్టుకొని బయలుదేరింది. 1854 నవంబరు 4న ఇస్తాంబుల్ ఎదుటి తీరాన ఉన్న స్కుటారీ సైనిక ఆసుపత్రికి చేరింది.

అక్కడ ఆమె చూసిన దృశ్యం భయంకరం. వసారాల నిండా రోగులు. కిందనే మురికి కాలువలు. గాయాల వల్ల చనిపోయేవారికంటే కలరా, విరేచనాలు, విషజ్వరాల వల్ల చనిపోయేవారే ఎక్కువ. 1855 ఫిబ్రవరిలో అక్కడి రోగుల్లో నూటికి 42 మంది మరణించారు. మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య సంఘం కాలువలు బాగుచేయించి, గాలి వెలుతురు వచ్చే ఏర్పాట్లు చేయించింది. జూన్ నాటికి మరణాలు నూటికి రెండుకు తగ్గాయి.

స్కుటారీలో ఆమెను కలచివేసిన విషయం మరొకటి ఉంది. ఎంతమంది చనిపోయారో ఎవరికీ సరిగా తెలియదు. మూడు చోట్ల మూడు రిజిస్టర్లు ఉండేవి. ఒకదానిలోని లెక్క మరొకదానితో కలిసేది కాదు. ఏ సైనికుడు ఏ జబ్బుతో వచ్చాడు, ఎప్పుడు పడుకొన్నాడు, ఏమి తిన్నాడు అన్నది అడిగినవారూ లేరు, రాసినవారూ లేరు. అడగనందువల్ల తెలియలేదు. తెలియనందువల్ల వేలమంది ప్రాణాలు పోయాయి. ఈ పాఠాన్ని ఆమె జీవితాంతం మరువలేదు.

1856లో స్వదేశానికి తిరిగి వచ్చిన తరువాత మరణాల లెక్కలను రంగుల చిత్రాలుగా గీసి పెద్దల ముందు పెట్టింది. 1858లో బ్రిటన్ గణాంక సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొంది. ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆమే. అంకెలను అంతగా ప్రేమించిన ఆమె ఒక హెచ్చరిక కూడా చేసింది. సగటు లెక్కను నమ్ముకొని ఎదుట ఉన్న ఒక్క రోగిని చూడడం మానరాదని చెప్పింది.

1860లో తన పేరిట నర్సుల పాఠశాల మొదలు కావడానికి కొద్ది నెలల ముందు ఆమె నోట్స్ ఆన్ నర్సింగ్ అనే చిన్న పుస్తకం వెలువరించింది. రోగిని గమనించడం గురించి అందులో ఒక అధ్యాయం ఉంది. రోగిని ప్రశ్నించే విధానం గురించి ఆమె చెప్పిన మెలకువలు చాలావరకు అక్కడే కనబడతాయి.

రాత్రి బాగా నిద్రపట్టిందా అని అడగడం మంచి ప్రశ్న కాదని ఆమె అభిప్రాయం. ఒక రోగి పది గంటలు ఏకధాటిగా పడుకోకపోతే నిద్రే పట్టలేదంటాడు. మరొకడు మధ్యమధ్య కునుకు పడితే చాలు, బాగానే పట్టిందంటాడు. అయిదు రాత్రులు, అయిదు పగళ్ళు కన్ను మూతపడక ప్రాణం విడిచిన ఒక రోగి గురించీ, రాత్రి మధ్యలో మెలకువ వచ్చిన మరొక రోగి గురించీ ఒకే జవాబు చెప్పిన సందర్భాన్ని ఆమె రాసింది. అందుచేత ఎన్ని గంటలు నిద్రపోయాడు, రాత్రి ఏయే వేళల్లో నిద్రపోయాడు అని అడగాలి. అప్పుడు వచ్చే జవాబు వైద్యునికి పనికివస్తుంది.

రోగి అన్నం తినడం లేదన్న మాటతోనూ ఆమె తృప్తిపడలేదు. వంట బాగులేక తినకపోవచ్చు. ఆ పదార్థం నచ్చక తినకపోవచ్చు. పెట్టిన వేళ సరికాక తినకపోవచ్చు. నిజంగా ఆకలి లేక తినకపోవచ్చు. నాలుగింటికీ నాలుగు వేరు వేరు మార్గాలు చూడాలి. అడగకుండా ఆకలి లేదని రాసేస్తే మూడు సందర్భాల్లో రోగి అనవసరంగా పస్తుంటాడు.

జవాబును తనలోనే దాచుకొన్న ప్రశ్నలు కూడా ప్రమాదకరం. నొప్పి తగ్గింది కదా అని అడిగితే మొగమాటపడి రోగి అవునంటాడు. నొప్పి ఇప్పుడు ఎలా ఉందని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. ఆమె ఎరిగిన ఒక వైద్యుడు ప్రతి రోగినీ మొదట బాధ ఉన్నచోట వేలు పెట్టి చూపమనేవాడట. వంద మాటలు తేల్చలేనిది ఒక్కొక్కసారి ఆ వేలు తేలుస్తుంది.

ఎలా అడగాలన్నదే కాక, ఎలా కూర్చొని అడగాలన్నది కూడా ఆమె వివరించింది. రోగి తల తిప్పనవసరం లేకుండా అతని కంటికి ఎదురుగా కూర్చోవాలి. వెనుకనుంచి గాని, వాకిట్లోనుంచి గాని పలకరించరాదు. తొందర కనబరచరాదు. గది బయట గుసగుసలాడరాదు. ఏమీ భయం లేదని ఉత్తుత్తి ధైర్యం చెప్పరాదు. అలా చెబితే రోగి తన బాధను లోపలే దాచుకొంటాడు. తెలుసుకొన్న విషయాన్ని అడిగే హక్కు లేనివారికి చెప్పరాదు. రోగి తన రహస్యాన్ని నర్సు చేతిలో పెడుతున్నాడన్న ఎరుక ఉండాలి.

ఈ సూత్రాలు లండన్ ఆసుపత్రులకే చెందినవి కావు. కృష్ణగిరి జిల్లాలో కొండలు, అడవుల నడుమ ఉన్న అంచెట్టి వంటి చోట అవి మరింత అవసరం. ఆ ప్రాంతపు పల్లెల్లో తెలుగు, కన్నడం, తమిళం మూడు భాషలూ వినిపిస్తాయి. ఒక అవ్వ వచ్చి గుండెల్లో మంటగా ఉందని చెప్పిందనుకొందాం. అది కడుపులో పుట్టిన పులుపు కావచ్చు, గుండెజబ్బు కావచ్చు. నర్సు ఆమెను అవ్వా అని పిలిచి, కూర్చోబెట్టి, ఎక్కడో వేలితో చూపమనాలి. అన్నం తిన్న తరువాత వస్తుందా, మిట్ట ఎక్కేటప్పుడు వస్తుందా, చేతికీ దవడకూ నొప్పి పాకుతుందా, చెమట పడుతుందా అని ఒక్కొక్కటే అడగాలి. తోడు వచ్చిన కొడుకు అడ్డుపడి జవాబు చెప్పినా, మొదట అవ్వ మాటే వినాలి. ఆడవారి బాధలు ఆడవారి ఎదుట, చాటుగా అడగాలి. పసరు మందు తాగారా అని కోపంగా అడిగితే తాగలేదనే చెబుతారు. నెమ్మదిగా అడిగితే ఏ ఆకు, ఎన్నాళ్ళు అన్నదీ తెలుస్తుంది. చివరకు తాను రాసుకొన్నది రోగికి తిరిగి వినిపించి, సరిగా ఉన్నదో లేదో తెలుసుకోవాలి. నేటి నర్సింగ్ విద్యార్థులు నేర్చుకొనే పద్ధతి ఇదే.

ప్రజలు నైటింగేల్ పేరిట కూర్చిన నిధితో 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల పాఠశాల ప్రారంభమైంది. మొదట 15 మంది స్త్రీలు చేరారు. కట్లు కట్టడంతోపాటు రోగి నాడి, శ్వాస, నిద్ర, ఆకలి, చర్మం, తెలివి ఎలా ఉన్నాయో గమనించి చెప్పడం వారి విధుల్లో చేర్చారు. అక్కడ శిక్షణ పొందినవారు అనేక దేశాలకు వెళ్ళి ఆ విద్యను వ్యాపింపజేశారు.

యుద్ధకాలంలో సోకిన జబ్బు వల్ల ఆమె 1857 నుంచి చాలా ఏళ్ళు మంచానికే అతుక్కుపోయింది. అయినా పడక మీదినుంచే ఒక దేశాన్ని ప్రశ్నించింది. ఆ దేశం మన భారతదేశం. ఇక్కడి సైన్యం ఆరోగ్యాన్ని పరిశీలించడానికి 1859లో ఒక రాజనియమిత సంఘం ఏర్పడింది. తాగునీరు ఎక్కడిది, మురుగు ఎటు పోతుంది, సైనికులు పడుకొనే గదుల్లో గాలి ఎంత అన్న ప్రశ్నల పత్రాన్ని ఆమె సిద్ధం చేసింది. బెంగాలు, మదరాసు, బొంబాయి ప్రెసిడెన్సీల్లోని దండులకు ఆ పత్రం వెళ్ళింది. జవాబులన్నీ ఆమె చదివి సారం తీసింది. వెయ్యిమంది బ్రిటిష్ సైనికుల్లో ఏటా 69 మంది చనిపోతున్నారని 1863 నాటి నివేదిక తేల్చింది. సంస్కరణల తరువాత, పదేళ్ళకు ఆ సంఖ్య 18కి దిగిందని ఆమె రాసింది.

ఆమె ఒక్కసారైనా భారతదేశానికి రాలేదు. కాని క్రమంగా ఆమె చూపు సైనికుల నుంచి పల్లె ప్రజల వైపు మళ్ళింది. 1876 నుంచి 1878 వరకు మదరాసు ప్రెసిడెన్సీని కరవు పీడించింది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలు చేరి ఉన్న నాటి సేలం జిల్లా కూడా అల్లాడిపోయింది. ఆ రోజుల్లో ఆమె రైతుల కడగండ్ల గురించి ఆంగ్ల పత్రికల్లో రాసింది. గోదావరిపై ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ నీటిపారుదల వాదాన్ని సమర్థించింది.

1907లో బ్రిటన్ రాజు ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు ఇచ్చాడు. ఆ బిరుదు అందుకొన్న మొదటి స్త్రీ ఆమె. అప్పటికే కంటిచూపు పోయింది. రెండేళ్ళకు, 1909లో, వేలూరులో ఐడా స్కడర్ నర్సుల శిక్షణ పాఠశాల ప్రారంభించింది. అక్కడ 1946లో నర్సింగ్ డిగ్రీ చదువు కూడా మొదలైంది. కొండపల్లెల ఆడపిల్లలు సైతం నర్సులు కావడానికి ఇటువంటి పాఠశాలలు దారి వేశాయి.

నైటింగేల్ 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేస్తామన్నా ఆమె కోరిక ప్రకారం కుటుంబం ఒప్పుకోలేదు. ఒక పల్లె చర్చి ఆవరణలో ఆమెను ఖననం చేశారు. సమాధి రాతిపై పేరులోని రెండు మొదటి అక్షరాలు, పుట్టిన, మరణించిన తేదీలు తప్ప మరేమీ లేవు. ఆమె జన్మదినమైన మే 12ను ప్రపంచమంతటా నర్సుల దినోత్సవంగా జరుపుకొంటారు. రోగి పక్కన కూర్చొని, అతని కళ్ళలోకి చూస్తూ, ఎక్కడ నొప్పి అని నెమ్మదిగా అడిగే ప్రతి నర్సు మాటలోనూ ఆమె నేర్పిన విద్య బతికి ఉంది.