స్కాలర్‌షిప్పు పోయిన రామానుజన్

శ్రీనివాస రామానుజన్ మీద వ్యాసం లేని సావనీరు అరుదు. టాక్సీ నంబరు 1729 కథ, నామక్కల్ నామగిరి అమ్మవారి కథ, కేంబ్రిడ్జిలో ఉన్న హార్డీ దొరకి ఉత్తరం రాసిన కథ మనందరికీ హైస్కూలు నాటినుంచే తెలుసు. నేను లెక్కల గ్రూపు వాణ్ణి కనుక ఆయన సిద్ధాంతాల గురించి రాస్తానని మిత్రులు అనుకున్నారు. నిజం చెప్పాలంటే వాటిలో నాకు అందినవి చాలా తక్కువ. నేను రాయదలచుకున్నది ఆయన ఫీజు సంగతి. రైతుబిడ్డని కదా, ఎవరి జీవితచరిత్ర చదివినా ముందుగా నా కన్ను పడేది ఆ ఇంటి జమాఖర్చుల మీదే.

ఆయన 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో అమ్మమ్మగారింట పుట్టారు. పెరిగింది కుంభకోణంలో, సారంగపాణి కోవెల సన్నిధి వీధిలో. తండ్రి బట్టల కొట్లో గుమాస్తా. నెలకి 20 రూపాయల ప్రాంతం జీతం. తల్లి కోమలతమ్మాళ్ గుళ్ళో భజనలు పాడేవారు. ఇంట్లో కాగితం కొనుక్కునే స్తోమత లేక పలక మీద లెక్కలు చేసి, మోచేత్తో చెరిపేసి, మళ్ళీ చేసేవారట. 1903లో కార్ అనే ఇంగ్లీషాయన రాసిన లెక్కల పుస్తకం చేతికొచ్చింది. దాన్లో వేల సూత్రాలున్నాయి, నిరూపణలు మాత్రం పెద్దగా లేవు. ఆ నిరూపణలన్నీ తనే కట్టుకుంటూ కూర్చున్నారు ఈ కుర్రవాడు. 1904లో టౌన్ హైస్కూలు చదువు ముగిసేసరికి లెక్కల్లో రంగనాథరావు బహుమతి వచ్చింది. కుంభకోణం గవర్నమెంటు కాలేజీలో ఎఫ్.ఏ. చదవడానికి సుబ్రహ్మణ్యం స్కాలర్‌షిప్పు కూడా వచ్చింది. ఎఫ్.ఏ. అంటే ఇప్పటి మన ఇంటర్మీడియట్ లాంటిదే.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. ఆ స్కాలర్‌షిప్పు సాధారణంగా ఇచ్చేది ఇంగ్లీషులోనూ లెక్కల్లోనూ గట్టివాళ్ళకి. అంటే కాలేజీలో అడుగుపెట్టేనాటికి ఆయన ఇంగ్లీషు తీసిపారేసేది కాదన్నమాట. తర్వాతే అంతా లెక్కలయిపోయింది. ఇంగ్లీషు, గ్రీకు రోమను చరిత్ర, శరీరశాస్త్రం, సంస్కృతం, ఏ క్లాసులో కూర్చున్నా ఈయన నోటుపుస్తకంలో పడేవి అంకెలే. చివరికి ఇంగ్లీషు వ్యాసరచన పేపరు తప్పారు. స్కాలర్‌షిప్పు పోయింది.

అప్పుడు తల్లి ఊరుకోలేదు. స్వయంగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి అడిగారు. లెక్కల్లో నా కొడుకంతటి వాడు మీ కాలేజీలో లేడే, వాడికి స్కాలర్‌షిప్పు ఎలా ఆపుతారని ఆమె వాదన. ప్రిన్సిపాల్ మర్యాదగానే విన్నారు. కానీ రూలు రూలే అన్నారు. ఇంగ్లీషు తప్పాడు, అందులోనూ బాగా తప్పాడు, అంతే. ఆ రోజుల్లో ఒక ఆడమనిషి, గుమాస్తా ఇల్లాలు, కాలేజీ గుమ్మం ఎక్కి ప్రిన్సిపాల్‌ని నిలదీయడం సామాన్యమైన విషయం కాదు. రామానుజన్ కథలో దీనికి రెండు వాక్యాలకి మించి చోటు ఇవ్వరు. నా మట్టుకి నాకు ఈ కథలో కంటతడి పెట్టించింది ఇదే.

ఆ ప్రిన్సిపాల్‌ని దుర్మార్గుడని నేనననను. స్కాలర్‌షిప్పు డబ్బు ఒకడికి ఆగితే ఇంకొకడికి చేరుతుంది. ఆ ఇంకొకడు కూడా పేదవాడే కావచ్చు. కానీ ఆ ఇంటి లెక్క కూడా వెయ్యాలి. ఫీజు టర్ముకి 32 రూపాయలు. తండ్రి నెలన్నర జీతం మొత్తం తెచ్చి కట్టినా బొటాబొటిగా సరిపోతుంది. ఇక ఇంట్లో పొయ్యి వెలిగేదెలా?

1905 ఆగస్టులో రామానుజన్ ఇల్లు విడిచి పారిపోయారు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండలేదు. వెళ్ళింది ఎటో కాదు, మన తెలుగు దేశానికే, విశాఖపట్నం వైపు. రైల్లోనే వెళ్ళి ఉంటే మా రాజమండ్రి దగ్గర గోదావరి పాత వంతెన దాటే వెళ్ళి ఉంటారు. 1900లో మొదలై 1997 దాకా రైళ్ళు నడిచిన వంతెన అది. ఇప్పుడు దాని మీద రైళ్ళు లేవు. ఊరికి వెళ్ళేటప్పుడు పక్క వంతెన మీంచి దాన్ని చూస్తూ, ఫీజు కట్టలేక ఇంట్లో చెప్పకుండా రైలెక్కిన కుర్రాడు కిటికీలోంచి ఈ నీళ్ళే చూశాడు కాబోలు అనుకుంటూంటాను. కొంతకాలం తిరిగి మళ్ళీ కుంభకోణం చేరుకున్నారు. కాలేజీలోనూ చేరారు. కానీ హాజరు చాల్లేదని టర్ము సర్టిఫికెట్టు ఇవ్వలేదు. ఈ బాధ మనలో చాలామందికి విడమరచి చెప్పనక్కర్లేదు!

1906లో మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో రెండో ప్రయత్నం. అక్కడి లెక్కల మేష్టారు ఈయన నోటుపుస్తకాలు చూసి ఆశ్చర్యపోయి ప్రిన్సిపాల్‌తో చెబితే, కొంతమేర స్కాలర్‌షిప్పు ఇచ్చారు. ఇక్కడ మార్కుల పట్టీ కంటే ముందు నోటుపుస్తకం మాట్లాడింది. అయినా కథ మారలేదు. మధ్యలో జబ్బు చేసి ఇంటికి వెళ్ళిపోవలసి వచ్చింది. మూడు గంటల లెక్కల పేపరు అరగంటలో ముగించేవారు గాని, శరీరశాస్త్రం మాత్రం ఒంటబట్టలేదు. 1906 డిసెంబరులో ఎఫ్.ఏ. తప్పారు. 1907లో మళ్ళీ తప్పారు. దాంతో ఆయన కాలేజీ చదువు అయిపోయింది.

మా గోదావరి డెల్టాలో సార్వా పంట తుపానుకి పోతే దాళ్వా వేస్తాం. పోయిందని ఏడుస్తాం, అప్పు చేస్తాం, మళ్ళీ నారు పోస్తాం. ఒక్క కారు దెబ్బతిన్నదని చేను అమ్ముకోం. చదువు విషయంలో మాత్రం ఒక్క కారుతోనే తేల్చేస్తారు. మా హాస్టల్లో నా పక్క గది కుర్రాడికి ఒక ట్రస్టు వాళ్ళు ఫీజు కడుతున్నారు. ఏటా 60 శాతం మార్కులు రావాలి, ఒక్క పేపరూ తప్పకూడదు. పోయిన సంవత్సరం సరిగ్గా ఊడ్పుల వేళకి వాళ్ళ నాన్నకి ఆపరేషన్ అయింది. వీడు నెలరోజులు ఊళ్ళో ఉండి ఊడ్పులు చేయించుకొచ్చాడు. ఫిజికల్ కెమిస్ట్రీ పోయింది. ఈసారి డబ్బు రాదని కాగితం వచ్చింది. డాక్టరు సర్టిఫికెట్టు, ఇంటర్నల్ మార్కులు, లెక్చరర్ గారి ఉత్తరం అన్నీ జతచేసి అర్జీ పెట్టాడు. ఇది రాసేనాటికి జవాబు రాలేదు.

రామానుజన్ కూడా ఆ తర్వాత చేసిన పని ఒక రకంగా అదే. నోటుపుస్తకాలు చంకన పెట్టుకుని ఒక్కొక్కరి గుమ్మమే ఎక్కారు. 1909లో జానకమ్మతో పెళ్ళయింది. ఇక సంపాదన తప్పనిసరి. 1910లో తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న రామస్వామి అయ్యర్‌ని కలిశారు. భారత గణిత సంఘం స్థాపించింది ఆయనే. ఆ నోటుపుస్తకాలు చూశాక ఈ మనిషిని తాలూకా ఆఫీసు గుమాస్తాగిరీలో పడెయ్యడానికి ఆయనకి మనసొప్పలేదు. ఆయన శేషు అయ్యర్ దగ్గరికి పంపారు. కుంభకోణంలో రామానుజన్‌కి పాఠం చెప్పిన శేషు అయ్యరే ఈయన. అక్కణ్ణుంచి సిఫారసు నెల్లూరు చేరింది. నెల్లూరు కలెక్టరు రామచంద్రరావు గారు లెక్కలంటే ప్రాణం పెట్టే మనిషి. మొదట నమ్మలేదు. పుస్తకం తెరిచి ఒక్కొక్కటే వివరిస్తూంటే నమ్మక తప్పలేదు. నెలకి 25 రూపాయలు తన జేబులోంచి ఇవ్వసాగారు. ఇంకోచోట స్కాలర్‌షిప్పు కోసం ప్రయత్నాలు జరిగాయి గాని ఫలించలేదు. ఒకరి సొమ్ము ఎంతకాలమని తింటానని రామానుజన్ 1912 మార్చి 1న మద్రాసు పోర్ట్ ట్రస్టులో 30 రూపాయల గుమాస్తాగా చేరిపోయారు.

1913 జనవరి 16న హార్డీకి ఉత్తరం రాశారు. ఆ కథ మీకు తెలిసిందే. నేను చెప్పదలచింది ఆ తర్వాత మద్రాసులో జరిగిన దాని గురించి. హార్డీ జవాబు వచ్చాక, వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ కూడా ఈయన పని చూసి సిఫారసు చేశాక, ఈయనకి నెలకి 75 రూపాయల పరిశోధక స్కాలర్‌షిప్పు ఇవ్వాలన్న ప్రతిపాదన మద్రాసు విశ్వవిద్యాలయం సిండికేటు ముందుకి వచ్చింది. రూలు ప్రకారం దానికి ఎం.ఏ. ఉండాలి. ఈయనకి ఎఫ్.ఏ. కూడా లేదు. కుంభకోణం ప్రిన్సిపాల్ చెప్పిన మాటే ఇక్కడా చెప్పి ఫైలు మూసెయ్యవచ్చు. కానీ వైస్‌ఛాన్సలర్ సుందరం అయ్యర్, వృత్తిరీత్యా జడ్జి, విశ్వవిద్యాలయాన్ని పుట్టించిన చట్టం పీఠిక తీసి చూపించారు. పరిశోధనని పెంపొందించడం ఈ సంస్థ ధర్మాల్లో ఒకటని అందులో రాసి ఉంది. ఈయన పరిశోధకుడన్నది రుజువైన సంగతి. మరి ఇవ్వకపోవడమేమిటి? 1913 మే నుంచి రెండేళ్ళకి మంజూరైంది. పోర్ట్ ట్రస్టు వాళ్ళు సెలవిచ్చారు.

ఊరికే మాత్రం ఇవ్వలేదు. మూడు నెలలకొకసారి చేసిన పని మీద నివేదిక ఇవ్వాలని షరతు పెట్టారు. ఇంగ్లీషు వ్యాసం లేదు, జీర్ణకోశం బొమ్మ లేదు. చేసిన పనేదో చూపించు చాలు! 1913 ఆగస్టులో మొదటిది, నవంబరులో రెండోది, 1914 మార్చిలో మూడోది, మూడూ ఇచ్చారు. రామానుజన్ మాస్టర్ థీరం అని ఇవాళ పెద్ద క్లాసుల్లో చెప్పేది ఆ నివేదికల్లోదే. పరీక్షల్లో అన్నిసార్లు తప్పిన మనిషి ఈ షరతు ఒక్కసారీ తప్పలేదు.

ఇదంతా మా హాస్టల్లో చెబితే ఒక మిత్రుడు అడ్డు తగిలాడు. ఆయన రామానుజన్ కనుక చట్టం పీఠిక తీశారు, ఫిజికల్ కెమిస్ట్రీ పోయినవాడి కోసం ఎవరు తీస్తారోయ్ అని. ఆ మాటకి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తర్వాత ఆలోచిస్తే తట్టింది. 1905లో కుంభకోణంలో కూడా ఆయన ఇంకా ఎవరికీ రామానుజన్ కాడు. ఇంగ్లీషు పోయిన ఒక గుమాస్తా కొడుకు, అంతే. ఆ రోజు ఆయన కోసం ఎవరూ పీఠిక తియ్యలేదు. ఎనిమిదేళ్ళు వృథాగా పోయాయి. ఆ తర్వాత ఆయనకి మిగిలినవి ఏడేళ్ళే.

ఆ ఏడింటిలో దాదాపు అయిదు ఇంగ్లండులో గడిచాయి. 1914 మార్చి 17న మద్రాసులో ఓడెక్కారు. మద్రాసు విశ్వవిద్యాలయం ఏడాదికి 250 పౌన్లు ఇచ్చింది. అందులో 50 ఇంటికి పంపే ఏర్పాటు. ట్రినిటీ కాలేజీ మరో 60 ఇచ్చింది. 1916లో పరిశోధన మీదే బి.ఏ. పట్టా, 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం, ఆ సంవత్సరమే ట్రినిటీ ఫెలోషిప్పు వచ్చాయి. అప్పటికే ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది.

ఇంటికి వచ్చేముందు మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనకి ఏటా 250 పౌన్లు అయిదేళ్ళపాటు ఇస్తామంది. 1919 జనవరి 11న జబ్బు మంచం మీంచే దానికి జవాబు రాశారు. అంత సొమ్ము తనకి అక్కర్లేదని, తల్లిదండ్రులకి ఏటా 50 పౌన్లు, తన అవసరాలు పోగా మిగిలినది విద్యకి ఖర్చు పెట్టమని, ముఖ్యంగా పేద పిల్లలకీ అనాథలకీ స్కూలు ఫీజు తగ్గించడానికి, బడులకి పుస్తకాలు కొనడానికి వాడమని కోరారు. ఎన్ని మార్కులు వచ్చినవాళ్ళకి అన్న ప్రస్తావన అందులో లేదు. ఆ మార్చి నెలాఖరుకి బొంబాయిలో ఓడ దిగారు. 1920 ఏప్రిల్ 26న మద్రాసు చెట్‌పట్‌లో పోయారు. పోయేదాకా మంచం మీద లెక్కలు చేస్తూనే ఉన్నారు.